ఆధునికాంగ్లమున అపమార్గ పదనిర్మాణము

చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున తెలుగు పదములను తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అని నాలుగు తెగలుగా విభజించి, నాలుగవదానిని గ్రంథరచనకు వెలుపల నిలిపెను. లక్షణమునకు లొంగని పదమును వాకిటనే ఆపు ఈ యాచారము ఆంగ్లేయులకును కలదు. ఆ భాషయందును అట్టి ద్వారపాలకులు ప్రతి శతాబ్దియందును కనిపింతురు. అయితే వారు ఆపిన పదములలో పెక్కు గోడ దూకి లోనికి వచ్చి, కొన్నాళ్లకు ఇంటివారివలె మెలగసాగినవి. అవి ఎట్లు పుట్టినవి, ఎట్లు నిలిచినవి అను విషయమును చారిత్రకదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. ఆ పదములే నేడు మన నిఘంటువుల వాకిటను నిలిచియున్నవి గనుక, ఈ విచారణ మనకు పరాయిది కాదు.

ఆంగ్లమున పదనిర్మాణమునకు రాజమార్గములు కొన్ని కలవు. నామమునకుగాని ధాతువునకుగాని ముందు ఉపసర్గమును, వెనుక ప్రత్యయమును చేర్చుట; రెండు నామములను సమాసముగా కూర్చుట; రూపము మార్పకయే నామమును క్రియగా వాడుట. వీనియందు చేరు ప్రతి భాగమునకును ముందే ఒక యర్థముండును. అపమార్గమున అట్లుండదు. ఇచ్చట పదమును, దానిని కూర్చినవాడు అతికిన చోట గాక, వేఱొకచోట విఱుతురు. విఱిచిన తునకకు అంతకు ముందు అర్థము లేదు. విఱిచిన పిమ్మట వచ్చి చేరును. ఇట్టి పదములు నిలుచుటకు విఱిచినవాని ప్రతిభకంటె విన్నవాని మరపే అధికముగా తోడ్పడునని నా యభిప్రాయము. మూలము జ్ఞప్తియందున్నంత కాలము అది పరిహాసముగనో తప్పుగనో యుండును. మూలము మఱుగుపడిననాడు అది పదమగును.

ఇందులకు మనమందఱము ఎఱిగిన నిదర్శనము ‘బస్సు’. లాటిను భాషలో ‘ఓమ్నిబస్’ అనగా ‘అందఱకొఱకు’ అని యర్థము. ‘అందఱు’ అను నర్థమిచ్చు ప్రాతిపదికకు చతుర్థీ బహువచన ప్రత్యయము చేరగా ఏర్పడిన రూపమది. ఫ్రాన్సుదేశమున 1820 తరువాతి దశకమున, కూలి చెల్లించి యెవరైనను ఎక్కదగిన గుఱ్ఱపుబండ్లకు ఈ పేరు పెట్టిరి. 1829లో జార్జి షిల్లిబీరు అను నతడు లండనులో అట్టి బండ్లను నడపెను. మూడు నాలుగేండ్లలోనే జనులు మొదటి భాగమును వదలి, చివరి ‘బస్’ను మాత్రము పలుకసాగిరి. వారు వదలినది అర్థము గల భాగము. ఉంచుకొన్నది విభక్తిప్రత్యయపు తోక. మన భాషలో ‘అందఱకొఱకు’ అను పేరు గల బండిని ‘ఱకు’ అని పిలిచినచో ఎట్లుండునో ఊహింపుడు. ఆ తోకకే ఆంగ్లమున బహువచనము వచ్చినది, దానితో క్రొత్త సమాసములు పుట్టినవి. తెలుగువారు దానికి ఉత్వము చేర్చి ‘బస్సు’ చేసికొనిరి. ‘బస్సుకు వేళయైనది’ అనునపుడు మనము లాటిను చతుర్థికి తెలుగు చతుర్థిని చేర్చి పలుకుచున్నాము. ఈ మాట తరగతిలో చెప్పినపుడు విద్యార్థులు నవ్వుదురు. కాని అందు తప్పేమియు లేదు.

తప్పుగా విఱుచుట ఆంగ్లమున క్రొత్తది కాదు. మధ్యయుగమున చదువు కొలదిమందికే యుండెడిది. పదము చెవికి సోకునదే గాని కంటికి కనబడునది కాదు. ఆంగ్లమున నామమునకు ముందు వచ్చు ‘ఎ’ అను అనిశ్చయవాచకము అచ్చులకు ముందు ‘ఎన్’ అగును. కావున ఆ నకారము ముందు పదమునకు చెందినదో వెనుక పదమునకు చెందినదో చెవికి తెలియదు. ‘నేప్రన్’ అను వస్త్రనామము ‘ఏప్రన్’ అయ్యెను. పామునకు పేరగు ‘నాడర్’ వంటి ప్రాచీనరూపము ‘ఆడర్’ అయ్యెను. ‘సముడు కానివాడు’, అనగా ఇరుపక్షములకును చెందని మూడవవాడు అను నర్థమున ఫ్రెంచినుండి వచ్చిన ‘నంపేర్’ అను పదము ఆద్యనకారమును పోగొట్టుకొని ‘అంపైర్’ అయ్యెను. మన పల్లెల క్రికెట్టు ఆటలలో పిల్లలు పలుకు ‘అంపైరు’ ఇదియే. దీనికి విపర్యయముగా ‘అదనపు పేరు’ అని యర్థమిచ్చు ‘ఎక్ నేమ్’ ముందున్న నకారమును లాగికొని ‘నిక్ నేమ్’ అయ్యెను. ‘ఆరెంజ్’ కూడ నకారము కోల్పోయినదే. అయితే ఆ నష్టము ఆంగ్లమునకు రాకమునుపే ఫ్రెంచి, ఇటాలియను భాషలలో జరిగినది. ఆ పదము దక్షిణభారతమున పుట్టి, సంస్కృత, పారశీక, అరబ్బీ భాషల మీదుగా పడమటికి పోయినదని పలువురు భాషావేత్తలు తలంతురు. మన ‘నారింజ’లో ఆ నకారము చెక్కుచెదరక యున్నది.

ఈ పొరపాటు నిరక్షరులదే యనుకొనుట సరిగాదు. ‘వెబ్’ అనగా అంతర్జాలము, ‘లాగ్’ అనగా దినచర్యాపుస్తకము. రెండును కలిపి 1997లో జార్న్ బార్గర్ ‘వెబ్‌లాగ్’ అను పదమును వాడెను. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అను నతడు దానిని కావలెననియే ‘వి బ్లాగ్’ అని, అనగా ‘మేము బ్లాగుదుము’ అని విఱిచెను. బకారము ముందు పదమునుండి వెనుకకు జరిగినది. ‘ఏప్రన్’లో తెలియక జరిగినది ఇచ్చట తెలిసి జరిగినది. నేడు ‘బ్లాగు’ అని తెలుగున వ్రాయువారిలో అందలి బకారము ఎచ్చటిదని యడుగువారు అరుదు.

పదమును తోకవైపునుండి విఱిచి, లేని మూలరూపమును కల్పించుకొనుట మఱియొక విధము. దీనిని ప్రతిలోమ నిష్పత్తి యనవచ్చును. ‘పీజ్’ అనునది ఒకప్పుడు ధాన్యవాచకమగు ఏకరూపము. చివరి ‘జ్’ ధ్వనిని బహువచన ప్రత్యయముగా నెంచి, 17వ శతాబ్దిలో జనులు ‘పీ’ అను ఏకవచనమును సృష్టించిరి. ‘చెర్రీ’ అను పండుపేరును ఇట్లే పుట్టినది. క్రియలలో ఈ పద్ధతి మిక్కిలి ఫలవంతమైనది. ‘ఎడిటర్’ అను కర్తృవాచకము 17వ శతాబ్దినుండియు కలదు. దానినుండి ‘ఎడిట్’ అను క్రియ 18వ శతాబ్ది చివర వెలసినది. కన్నము వేయు దొంగకు ‘బర్గ్లర్’ అను పేరు పూర్వమే యుండగా, ‘బర్గిల్’ అను క్రియ 1870 ప్రాంతమున హాస్యోక్తిగా పుట్టినది. ‘టెలివిజన్’ 1900లో పారిస్ నగర సభయందు వినబడిన పదము. ‘టెలివైజ్’ అను క్రియ 1920 దశకమున దానినుండి తీసినది. కొడుకు ముందు పుట్టి తండ్రి తరువాత పుట్టినట్లున్న దీ వంశవృక్షము.

దీనిని చూచి సంస్కృతాభిమానులు నవ్వదగదు. ఋగ్వేదమున ‘అసుర’ శబ్దము వరుణాది దేవతలకును వర్తించును. అందలి మొదటి అకారమునకు నిషేధార్థము లేదు. తరువాతివారు దానిని నిషేధార్థకముగా గ్రహించి, ఆ యకారమును తొలగించి ‘సుర’ శబ్దమును పొందిరి. ‘విధవా’ శబ్దము ఇంతకంటె చిత్రమైనది. ఇది ఆంగ్లమున ‘విడో’, లాటినున ‘విదువా’ అను పదములకు సోదరి. మూలమున ఉపసర్గము లేని ఒకే పదము. దానిని ‘వి’ అను ఉపసర్గముగను ‘ధవ’ అను నామముగను విఱువగా, భర్త యను నర్థమున ‘ధవ’ శబ్దము ఏర్పడినదని ఆధునిక భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. యాస్కుని నిరుక్తముననే ఈ శబ్దమునుగూర్చి చర్చ కలదు. అమరసింహుడు భర్తృపర్యాయములలో దానిని చేర్చెను. తెలుగు కవులు శివుని ‘ఉమాధవుడు’ అనినను, పౌరాణికులు ‘మా’ యనగా లక్ష్మి, ఆమెకు ధవుడు మాధవుడు అని వ్యుత్పత్తి చెప్పినను, ఆ వ్యుత్పత్తికి ఆధారమైనది ఒక తప్పు విడదీతయే. అందువలన ఆ పదము అసాధువని యనగల ధైర్యము ఎవరికి కలదు? ‘బర్గిల్’ను గ్రామ్యమని త్రోసిపుచ్చువాడు ‘ధవ’ శబ్దమునకు ఏమి సమాధానము చెప్పునో నాకు తోపదు.

17వ శతాబ్ది చివర ఆంగ్లమున పదములను కత్తిరించి పలుకుట లండను నాగరికులలో వేడుకయయ్యెను. లాటినున ‘మోబిలె వుల్గుస్’ అనగా చంచలమైన జనసమూహము. ఇందు విశేష్యమును విడిచి విశేషణమును మాత్రము వాడిరి. పిదప ఆ విశేషణమును గూడ తుంచి ‘మాబ్’ అనిరి. జొనాథన్ స్విఫ్ట్ 1710 సెప్టెంబరులో ‘టాట్లర్’ పత్రికయందు ఈ వాడుకపై మండిపడెను. మాబ్, రెప్, పాజ్, ఫిజ్ మొదలగు కుఱుచపదములు భాషను చెఱచుచున్నవని యతని యారోపణ. 1712లో భాషను స్థిరపఱచుటకు ఒక విద్వత్సభను నెలకొల్పవలెనని యొక విజ్ఞాపనమునే ప్రకటించెను. అది నెఱవేఱలేదు. అతడు నిందించిన పదములలో ‘పాజ్’ చచ్చినది. ‘మాబ్’ బ్రదికినది; 1755 నాటి జాన్సను నిఘంటువులోనే చోటు సంపాదించినది. స్విఫ్ట్ వాదమున బలము లేకపోలేదు. ఏకాక్షర పదములు పెరిగినకొలది భాష కఠినమగునని యతడు చెప్పినది వినువాని చెవికి సంబంధించిన మాట. కాని ఏది నిలుచునో ఏది చచ్చునో నిర్ణయించుట అతని చేతిలో లేకపోయినది. ఇంకొక వింత యేమనగా, ‘మాబ్’కు తల్లియగు ఆ విశేషణమే నేడు మరల విశేష్యమును విడిచి ఒంటరిగా తిరుగుచున్నది. ‘మొబైల్ ఫోన్’లో ఫోను పోయి ‘మొబైలు’ మిగిలినది.

మనవారు ఇట్టి కత్తిరింపును దోషముగా నెంచలేదు. నామైకదేశమును పలికి నామమంతయు గ్రహించుట శాస్త్రసమ్మతమే. మహాభాష్యమున దేవదత్తుని దత్తుడనుట, సత్యభామను భామయనుట ఉదాహృతములు. కూచిపూడివారి భామాకలాపమున ఆ భామ యెవరని ఏ ప్రేక్షకుడును అడుగడు.

19వ శతాబ్దిలో పత్రికలు పెరిగినవి. విఱుపు చెవినుండి కంటికి మాఱినది. ‘ఓకే’ చరిత్రము ఇందుకు సాక్ష్యము. ‘అంతయు సరి’ అను నర్థముగల ఆంగ్లవాక్యమును పరిహాసార్థము తప్పు వర్ణక్రమముతో వ్రాసి, దాని మొదటి యక్షరములను ముద్రించుట బోస్టను పత్రికల వేడుక. 1839 మార్చి 23వ తేదీ బోస్టన్ మార్నింగ్ పోస్టులో ఈ రెండక్షరములు కనిపించినవి. అటువంటి పరిహాసాక్షరములు ఆనాడు మఱికొన్ని యుండెను. అవి గాలికి పోయినవి. 1840 అధ్యక్ష నిర్వాచనమున మార్టిన్ వాన్ బ్యూరెన్‌కు, అతని స్వగ్రామమగు కిండర్‌హుక్‌ను బట్టి వచ్చిన బిరుదుపేరునకు కూడ అవే ఆద్యక్షరములగుటచే ‘ఓకే’ దేశమంతట వ్యాపించెను. ఎలెన్ వాకర్ రీడ్ అను పండితుడు 1963, 1964 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములవలన గాని ఈ వృత్తాంతము తేటపడలేదు. నూఱేండ్లకు పైగా లోకమంతయు, మూలమెఱుగకయే, ఆ పదమును వాడినది.

రెండు పదములను తుంచి ఒకటిగా నతుకుట ఆ శతాబ్దిలో మఱియొక విశేషము. 1812లో మసాచుసెట్స్ గవర్నరగు జెర్రీ తన పక్షమునకు అనుకూలముగా నియోజకవర్గముల సరిహద్దులను మార్చగా, అందొకదాని రూపము సాలమాండర్ అను బల్లివంటి జంతువును పోలియుండెను. బోస్టను గెజెటు ఆ జంతువు తోకను గవర్నరు పేరునకు తగిలించి ‘జెర్రీమాండర్’ అని పరిహసించెను. ఇట్టి పదములకు పేరు పెట్టినవాడు లూయీ కారల్. 1871లో వెలువడిన తన బాలల గ్రంథము ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’లో హంప్టీ డంప్టీ నోట వానిని ‘పోర్ట్‌మాంటో’ అనిపించెను. అది రెండు అఱలు గల ప్రయాణపు పెట్టె. అతడు కల్పించిన వానిలో ‘చార్టిల్’ నేటికిని వాడుకలో కలదు. ముక్కుతో బుసకొట్టుటయు, లోలోన నవ్వుటయు అందు కలిసినవి.

ఈ సంకరపదములు మన సంధులవంటివని కొందఱందురు. ఆ పోలిక నిలువదు. సంధియందు లోపించినదానిని సూత్రబలముచే మరల తెచ్చుకొనవచ్చును. ‘రాముడతడు’ అనినచో పోయిన ఉకారము మనకు తెలియును. ‘స్మాగ్’ అనినచో పొగ యను నర్థముగల ‘స్మోక్’లో మొదటి రెండు హల్లులును, మంచు అను నర్థముగల ‘ఫాగ్’లో అచ్చును చివరి హల్లును మాత్రమే మిగిలినవి, పోయినవానిని ఏ సూత్రమును తేజాలదు. 1905లో డా. డే వూ అను వైద్యుడు లండను గాలినిగూర్చి చెప్పుచు ఈ పదమును ప్రచారమునకు తెచ్చెను. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు లండనును కప్పిన స్మాగువలన 4,000 మంది చనిపోయిరని ఆనాడు లెక్కించిరి. తరువాతి పరిశోధకులు 12,000 అని అంచనా వేసిరి. 1956లో పరిశుద్ధవాయు శాసనము వచ్చినది. అంతటి విపత్తునకు పేరైన పిదప ఆ పదమును చూచి నవ్వువారు లేకపోయిరి.

ఇక 20వ శతాబ్ది యుద్ధముల కాలము. సేనా కార్యాలయములు ఆద్యక్షర పదములను కుప్పలుగా పుట్టించినవి. 1915లో ఆస్ట్రేలియా, న్యూజీలాండు సేనలకు ‘ఆన్జాక్’ అను పేరు కలిగెను. 1940లో అమెరికా నౌకాదళమువారు ‘రేడార్’ను నిర్మించిరి. ‘లేజర్’ ఇంకను విచిత్రము. 1957లో గోర్డన్ గూల్డ్ తన వ్రాతపుస్తకమున ఈ పదమును వాడెను. 1960లో మైమన్ ఆ యంత్రమును పని చేయించెను. ఆ పదములోని చివరి రెండక్షరములు ‘ఉద్గారము’, ‘వికిరణము’ అను రెండు నామముల ఆద్యక్షరములు. కాని శాస్త్రజ్ఞులే వానిని కర్త్రర్థక ప్రత్యయముగా చదివి, దానిని తొలగించి ‘లేజ్’ అను క్రియను నిష్పన్నము చేసిరి. ‘పీజ్’ విషయమున పల్లెవాడు చేసినదే ఇచ్చట ప్రయోగశాలలో జరిగినది.

ఈ పద్ధతి బలపడిన పిదప, అట్లు పుట్టని పదములకు గూడ జనులు ఆద్యక్షరములను కల్పింపసాగిరి. రెండవ చార్లెస్ మంత్రుల పేర్లనుండి ‘కబాల్’ పుట్టినదని చెప్పుదురు. అది అంతకు పూర్వమే హీబ్రూనుండి ఫ్రెంచి మీదుగా వచ్చియున్నది. మంత్రుల పేర్లు కలిసివచ్చుట యాదృచ్ఛికము. ‘పాష్’ అను పదము మన దేశముతో ముడిపడినది. ఇంగ్లండునుండి భారతమునకు వచ్చు ఓడలలో, పోవునపుడు ఎడమప్రక్క గదులును మరలునపుడు కుడిప్రక్క గదులును చల్లగా నుండుననియు, ధనికుల టిక్కెట్లపై ఆ నాలుగు మాటల ఆద్యక్షరములు ముద్రించెడివారనియు కథ. అట్టి టిక్కెట్టు ఒక్కటియు దొరకలేదు. ఆపదలో నున్న ఓడ పంపు ‘ఎస్.ఓ.ఎస్.’ సంకేతమునకు ‘మా ప్రాణములు కాపాడుడు’ అను నర్థము తరువాత తగిలించినదే. 1906 బెర్లిను సమావేశమున దానిని స్వీకరించినది మోర్సు సంకేతములో అది తేలికగా గుర్తింపబడును గనుక. పదమునకు మూలము లేకున్నచో మనుష్యుని మనస్సు ఊరకుండదు.

ఈ సందర్భమున లిపినిగూర్చి ఒక మాట. ఆంగ్లమున ఆద్యక్షరములు పలుకదగిన పదమగుట అదృష్టముపై ఆధారపడును. ‘నేటో’ పలుకవచ్చును, ‘బి.బి.సి.’ని పలుకరాదు, అక్షరములను లెక్కపెట్టినట్లు చెప్పవలెను. తెలుగు అక్షరమున హల్లును అచ్చును కలిసియుండును గనుక మన ఆద్యక్షరములు ఎల్లప్పుడును పలుకదగియుండును. 1982లో స్థాపితమైన తెలుగుదేశము పార్టీని పత్రికలు ‘తెదేపా’ యని వ్రాసినవి. 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి ‘తెరాస’ యయ్యెను, 2022లో పేరు మార్చుకొనగా ‘భారాస’ యయ్యెను. ఇవి ఆంగ్లానుకరణముచే వచ్చినవే కావచ్చును. కాని మన లిపిలో వీనికి కలిగిన సౌలభ్యము ఆంగ్లమున లేదు.

గత శతాబ్ది ఉత్తరార్ధమున విఱిచిన తునకలే ప్రత్యయములుగా మాఱుట కానవచ్చును. ‘హాంబర్గర్’ జర్మనీలోని హాంబర్గు నగరమునుబట్టి వచ్చిన పేరు. ఆంగ్లమున ‘హామ్’ అనగా పందిమాంసము గనుక జనులు దానిని ‘హామ్’, ‘బర్గర్’ అని విఱిచి, జున్ను చేర్చినదానిని ‘చీజ్‌బర్గర్’ అనిరి. ‘హెలికాప్టర్’ గ్రీకున ‘హెలికో’, ‘ప్టెర్’ అను భాగముల కూర్పు; దానిని ‘హెలి’, ‘కాప్టర్’ అని విఱువగా ‘హెలిపాడ్’ వచ్చినది. ‘ఆల్కహాల్’లో ‘అల్’ అరబ్బీ ఉపపదము, ‘కుహ్ల్’ అనగా కాటుక. త్రాగుబోతునకు పేరగు ‘ఆల్కహాలిక్’ను నడుమ విఱిచి, పనికి బానిసయైనవానిని ‘వర్కహాలిక్’ అనిరి; వేన్ ఓట్స్ 1971లో ప్రకటించిన గ్రంథముతో అది వ్యాప్తి చెందెను. కాటుక పేరు సగమై పనిపిచ్చికి ప్రత్యయమైనది! 1972 జూన్ 17న దొంగలు పట్టుబడిన వాషింగ్టను భవనసముదాయము పేరు ‘వాటర్‌గేట్’. అందలి ‘గేట్’ నేడు ఏ రాజకీయ కళంకమునకైనను తగిలించు తోకయైనది.

ఇక మన నిఘంటుకర్తలకు ఎదురగు ప్రశ్న. ఇట్టి పదములను తెలుగున చేర్చునపుడు విడదీసి భాషాంతరీకరింపవలెనా, అఖండముగా గ్రహింపవలెనా? 2020 ఫిబ్రవరి 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ ‘కోవిడ్’ అను పేరును ప్రకటించినది. అందు ‘కో’ కరోనా, ‘వి’ వైరసు, ‘డ్’ వ్యాధి. దానిని విఱిచి తెనిగించినచో ఎవరికిని అర్థముకాని సంకేతమొకటి మిగులును. పుట్టిన భాషలోనే విడదీత మఱుగుపడిన పదమును మనము మరల విడదీయుట వృథాశ్రమయని నా నిశ్చయము. ఇందులకు మన పెద్దలు చూపిన త్రోవయే కలదు. పాణిని సూత్రములలో ‘అచ్’ అనగా మొదటి అకారము మొదలు నాలుగవ మాహేశ్వర సూత్రము చివరి చకారము వరకు గల వర్ణములు. ‘హల్’ అనగా అయిదవ సూత్రపు హకారము మొదలు తుది లకారము వరకు. ఆదివర్ణమును అంత్యసంకేతమును అతికిన కూర్పులివి. ఆంగ్లపు ఆద్యక్షర పదములవలె గాక నియమబద్ధములు. తెలుగువారు వానిని భాషాంతరీకరింపలేదు. ద్విత్వమును ఉత్వమును చేర్చి ‘అచ్చు’, ‘హల్లు’ అనిరి. పలకపట్టిన ప్రతి బాలుడును వానిని పలుకుచున్నాడు. అవి సంకేతములని గురువునకును జ్ఞప్తికి రాదు.

అట్లని వ్యుత్పత్తిని విడువవలెనని నేననను. ‘సెల్లు’ అను పదమును తీసికొందము. చెఱసాల గదియు, టార్చిలైటులో వేయు విద్యుద్ఘటమును, చేతిలో పట్టుకొను ఫోనును తెలుగువారికి ‘సెల్లు’లే. మొదటి రెండును చిన్నగది యను లాటిను మూలమునుండి అర్థవిస్తరణముచే వచ్చినవి. మూడవది ‘సెల్యులర్ ఫోన్’ అను సమాసమునుండి తుంచినది; అందు విశేష్యము పోయినది, విశేషణమున సగము పోయినది. నిఘంటువు ఈ మూడింటిని ఒకే యారోపమున, ఒకే వ్యుత్పత్తి క్రింద చూపుట సరిగాదు. మూడవదానికి వేఱుగా ఆరోపము పెట్టి, తుంపబడిన మూలరూపమును, తెలుగు పత్రికలలో అది మొదట కనిపించిన సంవత్సరమును ప్రక్కన చూపవలెను.